చాకుకు కొత్త చొక్కా

చురుకైన పిల్లాణ్ని చూసి 'చాకులాంటి కుర్రాడు' అని ముచ్చటపడతాం. మరి ఆ కుర్రాడి జేబులో చాకుంటుందా? ఉండదు, సెల్‌ఫోను ఉంటుంది. ఒకప్పటి సంగతి వేరు. మిరప టిక్కీ కుట్టు విప్పాలన్నా, పొగాకు బేలు తాడు తెంచాలన్నా, చిక్కుపడిన ఎద్దు పలుపు కోసెయ్యాలన్నా పెద్దాయన చెయ్యి రొండిలోకి పోయేది. గట్టు మీద కూర్చుని ఉలవపాడు మామిడికాయని ముక్కలు చేసి ఉప్పూకారం అద్దుకోవాలన్నా అంతే. అక్కడో మడత చాకు. పిడి చేతి చెమటకు నల్లబడి, అలుగు నూరి నూరి సన్నబడి...

ఆ చాకు ఇప్పుడెక్కడుంది? చాలా ఇళ్లలో పాత బీరువా సొరుగులో, ఆగిపోయిన వాచీకీ చెల్లని నాణేలకీ మధ్య పడి ఉంటుంది. తెరవబోతే గోరు విరుగుతుందే తప్ప అలుగు కదలదు. 'తుప్పు పట్టింది, పారేద్దాం' అంటారొకరు. 'తాతయ్యది, ఉండనీరా' అంటారు ఇంకొకరు. ఇంట్లో ఈ వాదన ఎప్పటికీ తెగదు. చాకు ఉన్నచోటే ఉంటుంది. అయితే ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది. దాన్ని విప్పడం!

సింగరాయకొండ లాంటి ఊళ్లలో ఈ తుప్పు బెడద మరీ ఎక్కువ. పాకల సముద్రతీరం పక్కనే. అటునుంచి వచ్చే గాలిలో తేమా ఉంటుంది, ఉప్పూ ఉంటుంది. ఇనుము మీద చేరిన ఉప్పు గాలిలోని తడిని పీల్చి పట్టి ఉంచుతుంది. ఉప్పునీటి పొర ఉన్నచోట తుప్పు మామూలుకన్నా వేగంగా పాకుతుంది. పైకి కనిపించే అలుగునైతే తుడుస్తాం. కనిపించని చోట, అంటే అలుగు వచ్చి పిడిలో కలిసే కీలు దగ్గర, ఎవరు తుడుస్తారు? కాయ కోసినప్పుడు కారిన రసమూ అక్కడికే, చెమటా అక్కడికే, జేబులోని దుమ్మూ అక్కడికే. చాకు చెడేది ఎప్పుడూ లోపలినుంచే. (ఆయుధమన్నదే అక్కర్లేకుండా గోళ్లతో పని కానిచ్చిన నరసింహస్వామి కొలువున్న కొండ కదా, ఆ ఊళ్లో చాకు గురించి ఇంత చర్చ ఏమిటని స్వామి నవ్వుకున్నా నవ్వుకోవచ్చు!)

మడతపెట్టుకునే కత్తి అనగానే విదేశీ సరుకనుకుంటాం. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఎముక పిడి ఉన్న మడత చాకు దొరికింది. దాని వయసు రెండున్నర వేల ఏళ్ల పైమాటే. రోమన్ల కాలపు వెండి పనిముట్టొకటి కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియమ్ మ్యూజియంలో ఉంది. చెంచా, ఫోర్కు, కత్తి, పుల్ల... అన్నీ ఒకే పిడిలోకి ముడుచుకుంటాయి. కానీ మనకూ ఒకటుంది. తాటాకుల మీద రాసే గంటం. దక్షిణాదిన దీన్ని మడతపెట్టుకునేలా కూడా చేసేవారు. ఒక కొసన ఆకు మీద గీయడానికి మొన, రెండో కొసన ఆకు కత్తిరించడానికి చిన్న కత్తి, రెండూ ఒకే పిడిలోకి. తమిళులు దాన్ని మడక్కెళుత్తాణి అన్నారు. పశ్చిమాన ఈక కలాన్ని చెక్కుకోవడానికి 'పెన్ నైఫ్' పుడితే, ఇక్కడ కలమే కత్తితో కలిసి మడతపడింది.

సరే, విప్పితే లోపల ఏముంటుంది? పాతకాలం చాకులో పట్టుమని పది ముక్కలుండవు. అలుగు ఒకటి. వీపు వైపు ఉక్కు స్ప్రింగు ఒకటి. వాటికి అటూ ఇటూ పల్చటి రేకులు రెండు, రేకుల మీద పిడి చెక్కలు రెండు. వీటన్నిటినీ కలిపి గుచ్చిన పిన్నులు సాధారణంగా మూడు. ఇందులో అసలు కిటుకంతా స్ప్రింగుదే. అలుగు మొదలు పలకలు పలకలుగా ఉంటుంది. స్ప్రింగు కొస ఎప్పుడూ ఆ పలకల మీద నొక్కుతూ ఉంటుంది. తెరిచినప్పుడు ఒక పలక మీద, మూసినప్పుడు ఇంకో పలక మీద కుదురుకుంటుంది. ఆ కుదురుకునే క్షణంలో వినిపించేదే 'టక్' అనే చప్పుడు. చాకు బాగుందో లేదో చెప్పడానికి తెలిసినవాళ్లు ముందు చెవి పెట్టేది దానికే.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. ఇలాంటి చాకుకు తాళం ఉండదు. స్ప్రింగు బలమొక్కటే అలుగును నిలబెడుతుంది. స్ప్రింగు నీరసించిందంటే, కోస్తూ కోస్తూ ఉండగా అలుగు వెనక్కి ముడుచుకుని వేళ్ల మీద పడుతుంది. కాబట్టి తాతయ్య చాకును బాగుచేయడమంటే మెరుగు పెట్టడం ఒక్కటే కాదు. దాన్ని మనవడి చేతికివ్వొచ్చా లేదా అన్నది తేల్చుకోవడం కూడా.

విప్పేముందు ఒక ప్రయత్నం చేసి చూడాలి. సగం చాకులు విప్పకుండానే బాగవుతాయి. గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో కీలు తోమి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత కీలులో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయాలి. తెల్లారాక మెల్లగా కదిలిస్తే నల్లటి మడ్డి బయటికొస్తుంది. తుడవడం, మళ్లీ నూనె వేయడం. రెండు మూడు రోజుల ఓపిక. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోస్తారు కొందరు. అది వద్దు. చలికి గడ్డకడుతుంది, పాతబడితే జిగురు తేలుతుంది. పట్టకారుతో అలుగు పట్టి లాగడం అంతకన్నా వద్దు.

అప్పటికీ రాకపోతే, లేదా పిడి చెక్కలు పగిలిపోయి ఉంటే, విప్పాల్సిందే. అలుగుకు మందపాటి టేపు చుట్టాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిన్ను తల ఒక వైపు ఆకురాయితో పిడితో సమానమయ్యేదాకా అరగదీయాలి. చిల్లు పెట్టిన చెక్కదిమ్మ మీద చాకును ఆనించి, మొన కోసేసిన సన్నటి మేకును పిన్ను మీద పెట్టి సుత్తితో చిన్నగా తట్టాలి. పిన్ను కింది చిల్లులోకి దిగిపోతుంది. స్ప్రింగు బిగుతులో ఉంటుంది కాబట్టి చివరి పిన్ను వచ్చేటప్పుడు ముక్కలు ఎగరొచ్చు. చుట్టూ గుడ్డ కప్పి తీయడం మంచిది. ఒక్కో ముక్క రాగానే నిన్నటి పేపరు మీద పరిచి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఏది ఎటు తిరిగి ఉందో రాసుకోవాలి. సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకుంటే ఇంకా నయం. విప్పడం అందరికీ వస్తుంది. బిగించేటప్పుడే ఒక ముక్క మిగిలిపోతుంది!

తుప్పును ఉప్పుకాగితంతో రుద్దొచ్చు. అయితే స్ప్రింగు ఆనే పలకలను మాత్రం ముట్టుకోకూడదు. అక్కడ వెంట్రుకవాసి అరిగినా అలుగు ఊగిసలాడుతుంది. యంత్రం మీద సానపట్టేవాళ్లకు ఇంకో జాగ్రత్త. నిప్పురవ్వలు ఎగిరేలా అదిమి పడితే ఉక్కు వేడెక్కి ముందు గడ్డి రంగుకూ, ఆ తర్వాత నీలానికీ తిరుగుతుంది. నీలం కనిపించిందంటే ఆ చోట ఉక్కు మెత్తబడిపోయిందన్నమాట. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పట్టాలని పాత సానవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే 'కత్తులకు సాన' అని వీధుల్లో అరిచే ఆ గొంతులే తగ్గిపోయాయి.

ఇక అసలు సరదా, పిడి మార్చడం. చాకుకు కొత్త చొక్కా తొడగడమన్నమాట. కొత్తగా పలక కొనక్కర్లేదు. విరిగిన ఎద్దుబండి చక్రం ఆకు దొరికిందా, అంతకన్నా మంచి కర్ర లేదు. నల్లతుమ్మ అది. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు నాని, ఇక వంగాల్సినదంతా వంగేసి ఉంటుంది. పాత గుమ్మం చెక్క, చింత చేవ కూడా బాగుంటాయి. పచ్చికర్ర మాత్రం పనికిరాదు. ఆరేకొద్దీ ముడుచుకుని పిన్నుల దగ్గర చీలుతుంది. కొమ్ము పిడి కావాలనుకునేవాళ్లకు గేదె కొమ్ము ఉంది. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరే. ఎర్రచందనం జోలికి పోవాలంటే అది సక్రమంగా వచ్చిన కర్రేనన్న రుజువు చేతిలో ఉండాలి. జింక కొమ్ము మాట అసలే తలపెట్టొద్దు. ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ చాకులకు మన కణుజు కొమ్ము పిడులంటే మహా మోజు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక, తర్వాతి సవరణలూ ఎగుమతుల నిషేధమూ కలిసి 1990ల చివరికల్లా ఆ దారి మూసుకుపోయింది. అడవిలో రాలిపడిన కొమ్మయినా సరే, ఏరుకొచ్చి పిడి చేస్తే చిక్కే.

మళ్లీ బిగించేటప్పుడు పాత పిన్నులు పనికిరావు. అదే మందం ఇత్తడి తీగ ముక్కలు కోసి గుచ్చి, రెండు కొసలూ చిన్న సుత్తితో చుట్టూ తట్టుతూ తల చేయాలి. ఒక్క దెబ్బకు అణచేయకూడదు. యాభై చిన్న దెబ్బలు. గట్టిగా బిగిస్తే అలుగు తెరుచుకోదు, వదులైతే పక్కలకు ఊగుతుంది. దీనికి పనివాళ్లు వాడే ఉపాయం భలేగా ఉంటుంది. అలుగుకూ రేకుకూ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి పిన్ను బిగిస్తారు. తర్వాత కాగితం లాగేస్తారు. ఆ కాగితమంత సందే అలుగు తిరగడానికి చాలు.

ఇంత చేశాక ఇంట్లో పాత వాదన కొత్త రూపంలో లేస్తుంది. పిడి మారింది, పిన్నులు మారాయి, స్ప్రింగు కూడా మార్చారనుకుందాం. మరి ఇది తాతయ్య చాకేనా? ఫ్రెంచివాళ్లు దీనికో పేరే పెట్టుకున్నారు, 'జానో చాకు' అని. ఒకసారి అలుగు మార్చి, ఇంకోసారి పిడి మార్చి, ఇప్పటికీ అదే చాకని మురిసిపోయే జానో మీద ఛలోక్తి అది. నవ్వులాటకు బాగానే ఉంది కానీ ఇంట్లో తెగాల్సింది నిజమైన చాకు సంగతి. పిడి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అలుగు మాత్రం ఉండనివ్వాలి. అది సన్నబడింది ఆయన చేతిలోనే, ఆయన నూరిన రాయి మీదే. మధ్యలో కాస్త లోతుగా, కొసన కాస్త వంకరగా అరిగిన ఆ తీరు ఎవరి దస్తూరీ వాళ్లదన్నట్టు ఉంటుంది. దాన్ని 'సాపు చేద్దాం' అని యంత్రానికి ఇస్తే ఆ దస్తూరీ చెరిగిపోతుంది. అలుగు మీది నల్ల మచ్చలు కూడా, ఎర్రతుప్పు కానంతవరకు, అలాగే వదిలేయొచ్చు. వాటివల్ల నష్టమేమీ లేదు.

తాతయ్య చాకు లేనివాళ్ల ఇంట్లో ఏ అమెరికా బంధువో తెచ్చిన ఎర్ర స్విస్ చాకు ఉండొచ్చు. దాని కథ వేరు. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో స్విట్జర్లాండులోని ఇబాక్‌లో పెట్టిన దుకాణం అది. 1891లో ఆ దేశ సైన్యానికి చాకులు అందించాడు. స్ప్రింగుకు రెండు వైపులా పనిముట్లు అమర్చిన ఆఫీసర్ల చాకును 1897లో రిజిస్టరు చేయించాడు. తల్లి విక్టోరియా 1909లో పోయాక ఆమె పేరే సరుకుకు పెట్టాడు. తుప్పు పట్టని ఉక్కుకు ఫ్రెంచిలో ఉన్న 'ఇనాక్స్' అన్న పేరు 1921లో దానికి తోడై విక్టోరినాక్స్ అయింది. పోటీదారు వెంగర్‌ను 2005లో ఈ కంపెనీయే కొనేసింది. వాళ్ల 'స్విస్ చాంప్'లో 33 పనులకు 64 విడిభాగాలున్నాయి. అరచేతిలో పట్టే వస్తువులో!

ఈ చాకులను విప్పి రెంటిని కలిపి మూడోది చేసే సరదా ప్రపంచమంతటా ఉంది. ఒక దానిలోంచి కత్తెర, ఇంకో దానిలోంచి రంపం తీసి, కంపెనీ అమ్మని చాకు తయారుచేసుకుంటారు. పైనున్న ఎర్ర చెక్కలకు మేకులుండవు. లోపలి రివెట్ల తలలకు బిగుతుగా నొక్కి పెడతారు. గోరువెచ్చని నీళ్లలో కాసేపుంచి, పల్చటి అంచుతో చుట్టూ కొద్దికొద్దిగా లేపితే ఊడొస్తాయి. ఆ స్థానంలో ఇత్తడివో, కర్రవో, వేరే రంగువో అంటించుకోవచ్చు. కొత్తవాళ్లు అక్కడితో ఆగడం ఉత్తమం. లోపలి పొరలు విప్పితే ఒకటి కాదు, వరసగా స్ప్రింగులు. పొరపాటున ఒకదాని బదులు ఇంకేదైనా ఉక్కుముక్క కోసి పెట్టేద్దామనుకుంటే కుదరదు. ఆ కంపెనీ పెద్ద అలుగు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56, స్ప్రింగుది 49. అలుగు పదును నిలపాలి కాబట్టి గట్టిగా, స్ప్రింగు వంగి లేవాలి కాబట్టి కాస్త మెత్తగా. మరీ గట్టి ముక్క పెడితే విరుగుతుంది, మరీ మెత్తది పెడితే వంగినది వంగినట్టే ఉండిపోతుంది. అన్నట్టు, ఇలా విప్పిన చాకుకు కంపెనీ హామీ వర్తిస్తుందని ఆశ పెట్టుకోకూడదు.

ఇప్పటి చాకులైతే స్క్రూలతోనే వస్తున్నాయి. నక్షత్రం ఆకారపు బెజ్జమున్న టార్క్స్ స్క్రూలవి. టీ6, టీ8 సైజు స్క్రూడ్రైవర్లుంటే చాలావరకు విడిపోతాయి. సరైన సైజు లేకుండా మామూలు దానితో తిప్పితే బెజ్జం గుండ్రమైపోయి ఆ స్క్రూ ఇక జన్మలో రాదు. రాకపోతే వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ కొసను దాని తల మీద కాసేపు ఆనిస్తే లోపలి జిగురు మెత్తబడుతుంది. వీటిలో పిడి చెక్కలు, క్లిప్పు, వాషర్లు మార్చుకోవడం తేలికే. అలుగును మాత్రం వేరే మోడల్‌లోంచి తెచ్చి పెట్టకూడదు. 1980ల మొదట్లో అమెరికాలో మైకేల్ వాకర్ తీర్చిదిద్దిన 'లైనర్ లాక్' ఇలాంటి చాకుల్లో చాలావాటికి ఆధారం. లోపలి రేకే పక్కకు వచ్చి అలుగు వెనక అడ్డంగా నిలబడుతుంది. ఆ రెండూ ఒకదానికొకటి తగ్గట్టు నూరినవి. వేరే అలుగు వేస్తే చూడ్డానికి పట్టినట్టే ఉండి, నొక్కగానే జారుతుంది. బిగించిన ప్రతిసారీ అలుగు వీపును చెక్క మీద, వేళ్లు దారిలో లేకుండా చూసుకుని, మెత్తగా తట్టి చూడాలి. జారిందంటే ఆ రోజు ఆ చాకు సొరుగులోకే.

చేయి తిరగడానికి అన్నిటికన్నా తేలికైనది ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతపు ఓపినెల్. 1890లో జోసెఫ్ ఓపినెల్ మొదలుపెట్టాడు. ఒక అలుగు, ఒక కర్ర పిడి, ఒక పిన్ను, 1955లో చేర్చిన తిప్పే కంకణం. అంతే. దాని పిడిని ఎవరికి తోచినట్టు వాళ్లు చెక్కుకుంటారు. ఒకే చిక్కు, తడికి కర్ర ఉబ్బి అలుగు బిగుసుకుపోతుంది. ముసురు పట్టిన కోస్తా ఊళ్లలో ఇది తప్పదు. చెక్కడం అయ్యాక నూనె పట్టించి ఆరబెట్టుకోవాలి.

ఇవన్నీ ఇంట్లో పనిముట్ల మాటలు. హద్దు దాటితే కథ మారుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకుకు సినిమాల పుణ్యమా అని దేశమంతా పేరొచ్చింది. ఆ పేరే దాని కొంప ముంచింది. 1990లలో అక్కడి ప్రభుత్వం పొడవాటి అలుగుల మీద ఆంక్షలు పెట్టడంతో పనివాళ్లు చెల్లాచెదురయ్యారు. 2023లో ఆ ఊరి కూడలిలో 20 అడుగుల ఇత్తడీ ఉక్కూ చాకును నిలబెట్టి మళ్లీ గుర్తు చేసుకున్నారు. మన దేశంలో ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనిముట్లకు మినహాయింపు ఉంది. జేబు చాకు ఆ కొలతలకు చాలా దిగువనే. అయినా మీట నొక్కితే ఎగిరి తెరుచుకునేలా స్ప్రింగులు మార్చడం, గుంపుల్లోకి జేబులో వేసుకెళ్లడం కోరి తెచ్చుకునే తంటా. విమానం ఎక్కేవాళ్లు చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గరే వదులుకోవాలి. అడుగున వేసే పెట్టెలో పెట్టాలి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఈ నియమం వల్ల విమానాశ్రయాల్లో అమ్మకాలు పడిపోయి స్విస్ కంపెనీయే కుదేలైంది.

పిల్లలు అడిగితే? విప్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. ముక్కలు పేపరు మీద వరసగా పేర్చడం, చుట్టూ గీయడం వాళ్లకివ్వాలి. అలుగును టేపులోంచి బయటికి తీసేది పెద్దవాళ్లే. స్విస్ చాకైతే పిడిలో దాగిన చిన్న పంటిపుల్లను వాళ్ల చేతికి ఇచ్చి ఎక్కడ దూర్చాలో కనుక్కోమనొచ్చు. ఆ చాకులో అన్నిటికన్నా ముందు పోయే భాగం అదే. విడిగా కూడా అమ్ముతారు. పెద్దవాటికొక సైజు, చిన్నవాటికొక సైజు. కొనేటప్పుడు చాకు పొడవు కొలిచి తీసుకెళ్లడం మేలు.